దినం అయిపోయాక ఎవరున్నారు?



నాకిచ్చిన అంశం ‘నేర బాధితులకు మన సమాజం చేయగల సాయం’. నేను లాయర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. కొన్నేళ్ళుగా మా ఊళ్ళో ఇలాంటి కుటుంబాల వెంట ఆస్పత్రులకూ కోర్టులకూ తిరిగాను. ఆ అనుభవంతో నాలుగు మాటలు చెప్పి, చివర్లో మూడు పనులు అడుగుతాను.

ముందు మనకి దక్కాల్సిన మెప్పు గురించి. ఈ దేశంలో ఎక్కడ తెలుగు కుర్రాడు కాల్పుల్లో పోయినా, తెల్లారేసరికి ఫోన్లు మోగుతాయి, చందాలు పోగవుతాయి. కాన్సులేట్‌తో మాట్లాడేవాళ్ళూ, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో పెట్టె అందుకునేవాళ్ళూ సిద్ధంగా ఉంటారు. 2007 డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇద్దరు తెలుగు పీహెచ్‌డీ విద్యార్థుల్ని కాల్చి చంపారు. ఆ తర్వాత అలాంటి వార్తలు ఎన్నో విన్నాం. శవాన్ని సొంతూరికి చేర్చడం మనకి బాగా వచ్చేసింది. అది చెప్పుకోవడానికే బాధగా ఉంటుంది, అయినా నిజం.

కానీ దినం అయిపోయాక ఏమవుతోంది? మనం ఇళ్ళకి వెళ్ళిపోతాం. కేసు మాత్రం అప్పుడే మొదలవుతుంది. డిటెక్టివ్ ఫోన్ చేస్తాడు. హియరింగ్ వాయిదా మీద వాయిదా పడుతుంది. బతికి బయటపడ్డవాడికి ఆస్పత్రి బిల్లులు వస్తాయి, ఆ వెనకే కలెక్షన్ ఏజెన్సీ ఉత్తరాలు. కళ్ళముందు కాల్పులు చూసిన రూమ్మేట్‌కి నెలల తరబడి నిద్ర ఉండదు. అతను కూడా బాధితుడే అని మనకి తట్టదు.

శ్రీనివాస్ కూచిభొట్ల విషయం అందరికీ గుర్తే. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతలో జాతి విద్వేషంతో కాల్చి చంపారు. 2018లో హంతకుడికి జీవిత ఖైదు పడింది. ఆ రెండింటి మధ్య జరిగింది చాలామందికి గుర్తుండదు. భర్త వీసా మీద ఆధారపడ్డ సునయన దుమాల స్టేటస్ ఆయనతోపాటే పోయింది. అంత్యక్రియలకు ఇండియా వెళ్ళిన మనిషి, ఏళ్ళ తరబడి కాపురమున్న ఇంటికి తిరిగి రావడానికే కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ కలుగజేసుకోవాల్సి వచ్చింది. అది దేశమంతా చూసిన కేసు కాబట్టి దారి దొరికింది. పేపర్లలోకి ఎక్కని కేసుల్లో భార్యల గతేమిటి? ఈ గదిలో హెచ్-1బీ, హెచ్-4 మీదున్న ప్రతి ఇంటికీ సంబంధించిన ప్రశ్న ఇది.

చందాలు వేసే మనకి, చట్టం ప్రకారం రావాల్సిన డబ్బు సంగతి తెలియకపోవడం ఇంకో విచిత్రం. కాలిఫోర్నియా 1965లోనే నేర బాధితులకు పరిహారం ఇచ్చే పథకం పెట్టింది. ఇప్పుడు ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. 1984లో వచ్చిన ఫెడరల్ చట్టం, వోకా అంటారు, క్రైమ్ విక్టిమ్స్ ఫండ్ అనే నిధిని ఏర్పాటు చేసింది. దాంట్లో ఉండేది మన పన్నుల డబ్బు కాదు. ఫెడరల్ కోర్టుల్లో నేరస్థులు కట్టే జరిమానాలు. ఇన్సూరెన్స్ పోగా మిగిలిన వైద్య ఖర్చు, కౌన్సెలింగ్, పోయిన జీతం, అంత్యక్రియల ఖర్చు రాష్ట్ర పథకం కింద అడగొచ్చు. పరిమితులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఇంట్లో దొంగలు పడి బంగారం పోతే మాత్రం సాధారణంగా దీంట్లో రాదు. చాలా రాష్ట్రాల్లో సిటిజన్ కానక్కర్లేదు. కానీ మామూలుగా పోలీసు రిపోర్టు ఉండాలి, గడువులోపు దరఖాస్తు పెట్టాలి.

ఆ పోలీసు రిపోర్టు దగ్గరే మనవాళ్ళు ఆగిపోతారు. నాకు తెలిసిన ఒక కుర్రాడు, ఎమ్మెస్ విద్యార్థి, రాత్రిపూట గ్యాస్ స్టేషన్‌లో పనిచేసేవాడు. దొంగలు తుపాకీ మడమతో కొట్టి దవడ విరగ్గొట్టారు. పర్మిట్ లేకుండా పనిచేస్తున్నానని భయపడి పోలీసులకి చెప్పలేదు. మెట్ల మీంచి జారిపడ్డానని ఆస్పత్రిలో చెప్పాడు. రిపోర్టు లేదు, పరిహారం లేదు, దొంగలు దొరకలేదు. అప్పు మాత్రం మిగిలింది. ఆ రాత్రి ఇమ్మిగ్రేషన్ లాయరు ఒకరితో పది నిమిషాలు మాట్లాడించే నెంబరు అతని దగ్గర ఉండుంటే కథ వేరుగా ఉండేది. ‘అసలు అక్కడ ఎందుకు పనిచేశావ్?’ అని అడిగినవాళ్ళు మాత్రం చాలామంది దొరికారు.

ఇక ఇంట్లో జరిగే నేరం. దీన్ని నేరం అనడానికే మనకి నోరు రాదు. ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ‘సర్దుకుపోమ్మా’ అని పంపేస్తాం. న్యూజెర్సీలో మానవి 1985లో, న్యూయార్క్‌లో సఖి 1989లో దక్షిణాసియా స్త్రీల కోసం మొదలయ్యాయి. హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష, షికాగోలో అప్నా ఘర్ ఉన్నాయి. మన పిక్నిక్ బ్యానర్ల మీద స్పాన్సర్ల పేర్లన్నీ ఉంటాయి, వీటి ఫోన్ నెంబర్లు ఉండవు. భర్త హెచ్-1బీ, భార్య హెచ్-4 అయితే, సిటిజన్ల, గ్రీన్ కార్డుదారుల భార్యలకున్న సెల్ఫ్ పిటిషన్ దారి ఆమెకు లేదు. 2000లో వచ్చిన యు వీసా ఉంది గానీ, ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, ఏళ్ళ తరబడి నిరీక్షణ. పైగా పోలీసు లేదా ప్రాసిక్యూటర్ వంటి అధికారి సంతకం కావాలి. 2005 చట్టంలో ఇలాంటి భార్యలకు వర్క్ పర్మిట్ అడిగే వీలు పెట్టారు. ఇవన్నీ ఒంటరిగా, చంకలో పిల్లతో ఉన్న అమ్మాయి ఎలా తెలుసుకుంటుంది?

నేను అడిగే మూడు పనులివి.

మొదటిది, తోడు. ప్రతి ఊళ్ళో పదిమంది వాలంటీర్లు చాలు. స్థానిక సంస్థల దగ్గర శిక్షణ తీసుకుని, కోర్టుకి తీసుకెళ్ళడం, ఫారం నింపడంలో సాయం, పిల్లల్ని చూసుకోవడం చేస్తే చాలు. ఒక్క నియమం. కథ అడగొద్దు, కారు నడపండి. బాధితుల కౌన్సెలర్‌తో చెప్పుకున్న మాటలకి చాలా రాష్ట్రాల చట్టాలు గోప్యత కల్పిస్తాయి. మనలాంటి స్నేహితులకి ఆ రక్షణ లేదు, మనం విన్నది రేపు కోర్టులో చెప్పాల్సి రావచ్చు. డీఏ ఆఫీసులో ఉచితంగా సాయపడే అడ్వొకేట్ ఉంటారు, కానీ వాళ్ళకి చెప్పింది కేసులోకి వెళ్ళొచ్చని కూడా గుర్తుంచుకోవాలి. బాధితుల ఫోటోలు, చిరునామాలు వాట్సాప్‌లో తిప్పడం ఈరోజే ఆపేద్దాం.

రెండోది, ఒక్క పేజీ కరపత్రం. తెలుగులో, రాష్ట్రాల వారీగా. పరిహారానికి ఎక్కడ దరఖాస్తు, గడువు ఎంత, ఏ కాగితాలు దాచుకోవాలి అన్నది ఉంటే చాలు. ఆగస్టులో దిగే ప్రతి విద్యార్థి చేతిలో పెడదాం.

మూడోది, రాజకీయం. నిధిలోకి వచ్చే జరిమానాలు తగ్గిపోతే, 2021 జూలైలో కాంగ్రెస్ చట్టం సవరించి కొత్త ఆదాయం కలిపింది. అంటే అడిగితే కదులుతారు. వీసాదారు నేరానికి బలైతే, కుటుంబం స్టేటస్ వెంటనే పోకుండా చట్టంలోనే రక్షణ ఉండాలని మన జిల్లా ప్రతినిధుల్ని అడుగుదాం. ఫండ్ రైజర్లలో వాళ్ళతో ఫోటోలు దిగుతున్నాం కదా, ఆ రెండు నిమిషాల్లో ఈ మాట ఒకటి అడగండి.

బయట టేబుల్ మీద వాలంటీర్ల కాగితం పెట్టాం. నెలకి రెండు శనివారాలు ఇవ్వగలిగినవాళ్ళు పేరు రాయండి. ఇవ్వలేనివాళ్ళు దయచేసి రాయకండి. మాటిచ్చి రాని మనిషి కోసం కోర్టు మెట్ల మీద ఎదురుచూడటం బాధితులకి ఇంకో దెబ్బ.

సెలవు.