బండి మీద తిరిగే తమ్ముళ్లకు

(మొన్న ఆదివారం క్యాంపులో డెలివరీ రైడర్లతో ఒక సీనియర్ రైడర్ మాట్లాడిన మాటలు. డ్యూటీలో ఉండి రాలేనివాళ్ల కోసం పంపుతున్నాం.)

"ఊళ్లో పదేండ్లు బండి నడిపినోణ్ని, నాకేం చెప్తవన్నా" అని ఇందాక ఒక తమ్ముడు అన్నడు. దుబాయిలో ఆ పదేండ్ల అలవాటుతోనే ముప్పు. ఊళ్లో ఎడమ పక్కన పోతం, ఇక్కడ కుడి పక్కన. గల్లీలోంచి రోడ్డెక్కేటప్పుడు మన మెడ దానంతటదే కుడికి తిరుగుతది. ఇక్కడ మీదికొచ్చే బండి ముందు ఎడమ నుంచి వస్తది. రౌండెబౌట్ కాడ కూడా లోపల తిరిగేటోళ్లకే దారియ్యాలె, వాళ్లూ ఎడమ నుంచే వస్తరు.

నేను పడ్డది అట్లనే. కొత్తలో కాదు, కొత్తలో భయానికి రెండు దిక్కులా చూసేటోణ్ని. రెండేండ్లయినంక, పన్నెండు గంటల డ్యూటీ చేసిన రాత్రి, కరామాలో పార్కింగ్ నుంచి బయటికొస్తూ కుడికి చూసి ఎక్కిన. ఎడమ నుంచి కారు తగిలింది. బాగా అలిసిపోతే ఊరి అలవాటు మళ్లొస్తది.

కారాయన మంచోడు, పోలీసులకు ఫోన్ చేద్దామన్నడు. మా సూపర్‌వైజరే వద్దన్నడు. బండికి గీతలే గదా, కేసెందుకని. నేనూ లేచి, ఆర్డర్ ఇచ్చొచ్చిన. తెల్లారేసరికి మోకాలు వాచిపోయింది. డ్యూటీలో తగిలిన దెబ్బ అని చూపెట్టడానికి నా చేతిలో కాగితం లేదు. స్కానింగ్ ఖర్చు, మూడు వారాల జీతం నా నెత్తిమీదే పడ్డయి. అందుకని, ఎవరు వద్దన్నా సరే, 999కి ఫోన్ చేయండి. అంబులెన్సుకైతే 998. రిపోర్టు ఫోటో తీసి ఇంటికి కూడా పంపండి. పడ్డవాడి మెడ కదపొద్దు, హెల్మెట్ గుంజొద్దు.

ఇగ ఫోను. 80 స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతది. రెండు సెకన్లు మ్యాప్ చూస్తే 44 మీటర్లు కండ్లు మూసుకుని పోయినట్టే. పక్కకు ఆపి చూడండి. లేటయితే రేటింగ్ పోతది, నాకు తెలుసు. ఆ టైములు పెట్టినోళ్లు ఒక్కరోజు ఆగస్టు ఎండలో బండి నడిపితే తెలుస్తది!

ఎడమ చివరి ఫాస్ట్ లేన్‌లోకి పోవద్దు. ట్రక్కు అద్దంలో డ్రైవర్ మొఖం మీకు కనబడకపోతే, మీరూ ఆయనకు కనబడరు. మొదటి వాన పడ్డప్పుడు దుమ్ము, ఆయిలు కలిసి రోడ్డు సబ్బులెక్క జారుతది. ఉక్కపోస్తుందని హెల్మెట్ బెల్టు వదులు చేస్తే అది పెట్టుకోనట్టే లెక్క.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినోళ్లు ప్రవాసీ భారతీయ బీమా గడువు చూసుకోండి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తయి. రెండేండ్లకో మూడేండ్లకో కట్టింది అయిపోతది, రెన్యువల్ చేయించాలె. పాలసీ కాగితం ఎక్కడుందో ఇంట్లో చెప్పిపెట్టండి.

కొత్తగా లైసెన్సు తీసుకున్న తమ్ముళ్లకు వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి, క్యాంపు వెనక ఖాళీ జాగాలో రౌండెబౌట్ గీతలు గీసి తిప్పి చూపిస్త. హెల్మెట్ తెచ్చుకోండి.