తాటి నీరా పులియకుండ కాపాడుకొను విధము
(రైతులకు చేసిన యుపన్యాస పాఠము)



మీలో పలువురి పొలముల గట్లమీదను, చెరువుకట్టల క్రిందను తాడిచెట్లు కలవు. వాని తీయని నీటిని కాచి బెల్లము చేయబూనిన వారు తరచుగ చెప్పుకొను చిక్కు ఒక్కటియే: పాకము ముదిరినది గాని గడ్డ కట్టలేదు; కట్టెలును, దినమంతటి కష్టమును వ్యర్థమైనవి. ఇందుకు కొందరు చెట్టును, కొందరు గీతపనివారిని, మరికొందరు తమ యదృష్టమును నిందింతురు. నేడు నేను మనవి చేయదలచిన దేమనగా, దోషము చెట్టునందు లేదు. చాలవరకు ముంతయందే యున్నది.

చెట్టులోని నీటికి పులుపు లేదు. నూరు పాళ్ల నీరాలో నించుమించు 10 మొదలు 12 పాళ్ల వరకు చక్కెర యుండును. కావున 8 పాళ్ల తూకమునకు 1 పాలు బెల్లము దిగవచ్చును. కాని గెల కోతనుండి జారి ముంతలో పడినది మొదలు కంటికి కానరాని సూక్ష్మజీవులు దాని నాశ్రయించును. పాలను పెరుగుచేయు జాతివి మొదట పులుపు పుట్టించును. వానికి దగ్గరివి కొన్ని నీటిని జిగురుగ తీగలు సాగజేయును. ఈస్టు చక్కెరను సారాయముగ మార్చి నురుగెత్తించును. ఆ పిమ్మట మరియొక జాతి యా సారాయమును కాడిగ మార్చును. ఎండ ముదిరిన కొలది యీ మార్పులన్నియు త్వరపడును.

ఇందువలన నష్టము రెండు విధములు. చక్కెర కొంత నశించును. మిగిలిన చక్కెరను ఉడుకునప్పుడు పులుపు విరిచి, గడ్డకట్టని వేరు చక్కెరలుగ మార్చును. పాకము తేనెవలె జిగటగ నిలిచిపోవుటకు కారణ మిదియే.

ఈ చిక్కు మన యొక్కరిదే కాదు. 1856వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందలి లీల్ పట్టణమున బీటుదుంపల రసమునుండి సారాయము తీయు నొకరి తొట్లు పులిసిపోగా, పాస్చరు పండితుడు సూక్ష్మదర్శినితో పరీక్షించెను. మంచి తొట్టిలో గుండ్రని ఈస్టు కణములును, చెడిన తొట్టిలో సన్నని పుల్లలవంటి జీవులును కానవచ్చెను. 1876లో ఆయన బీరు చెడు కారణములను గూర్చి గ్రంథమే రచించెను. 1883లో కోపెన్‌హేగన్ నగరపు కార్ల్స్‌బర్గ్ బీరు కర్మాగారమున హాన్సెను అనునాయన శుద్ధమైన ఈస్టును వేరుచేసి పెంచెను. బీరు కాచువారు ఈస్టును కోరి వేసి తక్కిన జీవులను తొలగింతురు. బెల్లము కాచువారు ఈస్టునుకూడ రానీయరాదు. మార్గము మాత్ర మొక్కటియే: పాత్రశుద్ధి.

ఆచరింపవలసిన పనులివి.

మొదటిది. కల్లుముంతను బెల్లపు నీరాకు వాడరాదు. మంటికుండ రంధ్రములలో పాత మడ్డి నిలిచియుండి తోడువలె పనిచేయును. ముంతలు రెండు జతలుండవలెను. ఒక జత చెట్టుమీద నున్నపుడు రెండవదానిని మరుగునీట కడిగి, బోర్లించి పొగపట్టి, ఎండలో నారబెట్టవలెను.

రెండవది. ముంత లోపల సున్నము పలుచగ పూయవలెను. సున్నము క్రొత్తగ చల్లార్చినదై యుండవలెను. చాలకాలము గాలి సోకిన సున్నము సుద్దయై బలము కోల్పోవును. మితిమీరి పూసినచో బెల్లము నల్లబడి రుచి చెడును.

మూడవది. గీతకత్తిని ప్రతిదినము వేడినీట కడుగవలెను. ముంత మూతికి పలుచని గుడ్డ కట్టి యీగలను, తేనెటీగలను రానీయరాదు.

నాల్గవది. రాత్రి దిగిన నీరాను సూర్యోదయమునకు మునుపే దింపి, ఉడికించిన గుడ్డతో వడగట్టి, వెంటనే పొయ్యిమీద నెక్కింపవలెను. కొంచెము వెచ్చజేసి, సున్నపు మడ్డి యడుగునకు దిగిన పిమ్మట తేటను వేరుచేసి కాచవలెను. సగము కాచి రేపటికి నిలుపరాదు.

ఐదవది. ముంత ముంతకు పరీక్ష చేయక కలుపరాదు. ఒక్క పులిసిన ముంత పెనమంతటిని చెరచును. పరీక్ష మన యింటనే కలదు. పసుపును సున్నమును కలిపిన నెఱ్ఱనగుట స్త్రీలందరును ఎఱుగుదురు. పసుపు పూసి యారబెట్టిన కాగితపు ముక్కపై ఒక బొట్టు నీరా వేసి చూడుడు. ఎఱ్ఱబారినచో సున్నపు బలము నిలిచియున్నది. పసుపుగనే యున్నచో సున్నము చాలలేదు, లేక పులుపు దానిని హరించినది. అట్టి ముంతను వేరుగ నుంచుడు.

పులిసిన నీరాలో పైనుండి సున్నము కలిపిన చాలునని కొందరనుకొందురు. అది పులుపును విరుచును గాని, పోయిన చక్కెరను మరల తేజాలదు. సున్నము కాపలావాడే గాని వైద్యుడు కాడు.

పులుపు ఎచ్చటనుండి వచ్చినదో తెలిసికొనుటకు ఒక యుపాయము కలదు. ఒక్క చెట్టు నీరా మాత్రమే నిత్యము పులియుచున్నచో దాని గెల కోతను, ముంతను పరీక్షింపుడు. అన్ని చెట్లదియు పులిసినచో ముంతలు కడుగు విధమును, కత్తిని, వడగట్టు గుడ్డను, దింపు వేళను పరీక్షింపుడు.

నా మాట మీద నమ్మకముంచి యూరకుండవలదు. నాలుగు చెట్లకు శుద్ధిచేసిన ముంతలును, నాలుగింటికి పాతరీతి ముంతలును కట్టి, నీరాను వేరు వేరుగ కాచి, దిగిన బెల్లమును తూచి చూడుడు. నీరా దించుటకు మునుపు అబ్కారీ చట్టము ననుసరించి యనుమతి పొందుట మరువరాదు. దీనికగు వ్యయము కొంచెము సున్నము, కొన్ని మంటికుండలు, ఒక చిటికెడు పసుపు మాత్రమే; నిలుచునది చెట్టెక్కిన వాని కష్టమును, మీ పెనములోని బెల్లమును.