చేపల తొట్టి కింద చప్పుడు
(సంఘం మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నలుగురికీ ఉపయోగపడే విషయమేదైనా తీసుకుని ఇరవై నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. పెన్షన్ సవరణ గురించి మాట్లాడగలవారు మనలో చాలామంది ఉన్నారు. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడనివారు ఒక్కరూ లేరు. అందుచేత నేను చేపల తొట్టి ఫిల్టరు చేసే చప్పుడు గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, "సరే, మీ ఇష్టం" అన్నారు.

నవ్వకండి. పిల్లలు ఉద్యోగాల మీద ఊళ్ళు మారేటప్పుడు వెంట తీసుకుపోలేనివి రెండు: తులసికోట, చేపల తొట్టి. రెండూ మన ఇంటికే వస్తాయి. మా అమ్మాయి వాళ్ళు బెంగుళూరు వెళుతూ మూడడుగుల తొట్టి తెచ్చి విజయవాడలో మా హాల్లో పెట్టారు. అందులో ఐదు గోల్డ్‌ఫిష్‌లు. ఐదింటికీ పేర్లున్నాయి. తొమ్మిదేళ్ళ మా మనవడు ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టు ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి చూపించి, "తాతయ్యా, నువ్వు ఇంజనీర్‌వి కదా, నీకు అన్నీ తెలుసు" అని నాకు అప్పగింతలు పెట్టి రైలెక్కాడు.

తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, నీళ్ళు అడుగుంపావు ఎత్తు. లెక్క కడితే 106 లీటర్లు. దాన్ని శుభ్రం చేసేది తొట్టి కింది అరలో కూర్చున్న క్యానిస్టర్ ఫిల్టరు, అంటే చిన్న బిందెంత మూత డబ్బా. ఒక గొట్టంలో నీళ్ళు సైఫన్ పద్ధతిలో కిందికి దిగుతాయి. డబ్బాలోని స్పాంజీలూ పింగాణీ రింగులూ దాటుకుని పైకి వస్తాయి. మూతలో ఉన్న చిన్న పంపు వాటిని రెండో గొట్టంలో తొట్టిలోకి నెడుతుంది. ఈ పంపుకి గ్లాండు లేదు, కప్లింగు లేదు, ఆయిలు లేదు. రోటరే ఒక అయస్కాంతం. అది నీళ్ళలోనే పింగాణీ షాఫ్టు మీద తిరుగుతుంది. వైండింగు గోడ అవతల రెసిన్‌లో మూసి ఉంటుంది. రెండు ధ్రువాల అయస్కాంతమైతే మన 50 సైకిళ్ళ కరెంటు మీద అది నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. ఎంత? 3000. మన టర్బైన్ తిరిగినన్ని! ఈ సంగతి తెలిసిన రోజున ఆ బుల్లి డబ్బా మీద నాకు గౌరవం కలిగింది. థర్మల్ స్టేషన్లో 31 ఏళ్ళు పనిచేసినవాడిని, ఇదెంత అనే ధీమా కూడా కలిగింది. వచ్చిన చిక్కంతా ఆ ధీమాతోనే.

ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ఏప్రిల్ నెలలో ఒకరోజు మా ఆవిడ, "ఏమండీ, ఆ డబ్బా కిటకిటలాడుతోంది, చూడండి" అంది. వెళ్ళి చెవి పెట్టాను. సన్నగా 'గుయ్' మంటోంది. ట్రాన్స్‌ఫార్మరు మూలిగే మూలుగే. కరెంటు సైకిల్‌కి రెండుసార్లు అయస్కాంతపు లాగుడు వస్తుంది కనుక 50 సైకిళ్ళకి 100 సైకిళ్ళ మోత. "అది సహజం, కిటకిట ఏమీ లేదు" అన్నాను. ఆవిడ ఉందంది. నేను లేదన్నాను. రాత్రిళ్ళు హాల్లో పడుకునే మనిషి, నిద్ర చాలక పగలు చిరాకు పడేది. నేను డబ్బా కింద రబ్బరు పట్టా వేశాను. గొట్టాలు చెక్కకు తగలకుండా స్పాంజి కట్టాను. మోత సగానికి సగం తగ్గింది. "చూశావా!" అన్నాను. "మోత తగ్గింది, కిటకిట తగ్గలేదు" అంది. "నీ చెవులకి ఏదో అయింది" అన్నాను. ఈ మాట మీరు గుర్తు పెట్టుకోవాలి.

ఇలా నెల గడిచి మే వచ్చింది. చివరికి ఇంట్లో శాంతి కోసం ఒక ఉపాయం చేశాను. రాత్రి పదింటికి ఫిల్టరు స్విచ్ తీసేసి, పొద్దున్న ఐదింటికి వేయడం. చేపలు కూడా పడుకుంటాయి గదా అనుకున్నాను. మూడు రాత్రులు ఇద్దరం హాయిగా నిద్రపోయాం. నాలుగో రోజు పొద్దున్న స్విచ్ వేస్తే గొట్టంలోంచి గోధుమరంగు నీళ్ళు, కుళ్ళు వాసన. చేపలు పైకి వచ్చి మూతులు తెరిచి గాలి కోసం తన్నుకుంటున్నాయి. మధ్యాహ్నానికి రెండు పోయాయి.

ఏం జరిగిందో తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. ఆ అమ్మోనియాను ఒకరకం సూక్ష్మజీవులు నైట్రైట్‌గానూ, ఇంకోరకం దాన్ని నైట్రేట్‌గానూ మారుస్తాయి. రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలోనే వీటి సంగతి తేల్చాడు. ఈ జీవులు కాపురముండేది ఫిల్టరులోని స్పాంజీల్లో, రింగుల్లో. వాటికి నిరంతరం ప్రాణవాయువు కావాలి. మూత బిగించిన డబ్బాలో ప్రవాహం ఆగితే ఉన్న ప్రాణవాయువు కొద్ది గంటల్లో అయిపోతుంది. నేనేమో ఎనిమిది నెలలుగా డబ్బా విప్పి కడగలేదు, లోపల మురికి పేరుకుని ఉంది. అది కుళ్ళింది. పొద్దున్నే ఆ కుళ్ళంతా తొట్టిలోకి నా చేతులతో నేనే పంపు చేశాను. పైగా ఎండాకాలం. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నరే. నీటిని కదిపే ఫిల్టరు కూడా ఆగిపోతే చేపకి మిగిలేది ఇంకా తక్కువ. కనుక ఫిల్టరు చప్పుడు భరించలేకపోతే ఏమైనా చేయండి గాని రాత్రిళ్ళు ఆపి మాత్రం పెట్టకండి. ఎప్పుడైనా కరెంటు పోయి గంటల తరబడి ఆగితే, డబ్బా విప్పి ఆ నీళ్ళు పారబోశాకే మళ్ళీ స్విచ్ వేయండి.

ఆ వారంలోనే మా పాత ఫిట్టరు ఒకాయన మనవరాలి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. టర్బైన్ మెయింటెనెన్సులో నా దగ్గర పనిచేసినాయన. ఉద్యోగమంతా పనివేళ చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేవాడు. మేమంతా ఆటపట్టించేవాళ్ళం. హాల్లో అడుగుపెట్టి కూర్చోకముందే, "సార్, ఆ కింద ఏదో కొట్టుకుంటోంది" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇమ్మన్నాడు. మీకు తెలిసిన పద్ధతే. మొన డబ్బా మూత మీద ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. గొట్టాల దగ్గర విన్నాడు, మళ్ళీ మూత మధ్యలో విన్నాడు. "షాఫ్టు పోయింది సార్" అన్నాడు. స్క్రూడ్రైవర్ నాకిచ్చాడు. అప్పుడు వినిపించింది నాకు, సన్నగా, గాజు మీద గోరు కొట్టినట్టు. నెల రోజులుగా మా ఆవిడ చెబుతున్నది అదే.

ప్లగ్గు పీకి, కుళాయిలు కట్టేసి మూత విప్పాం. పింగాణీ షాఫ్టు మధ్యకి విరిగి ఉంది. ఇంపెల్లరు గదిలో ఒక ఇసుక రేణువు. ఒక చివర ఉండవలసిన రబ్బరు బుష్షు ముందే ఊడి, స్పాంజీ మీద పడి ఉంది. కొత్త షాఫ్టు, బుష్షులు ఐదు వందల లోపే వచ్చాయి. గది తుడిచి, అయస్కాంతం మీది జిగురు పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది బిగించాం. కిటకిట పోయింది. పోయిందని మా ఆవిడ చెబితే నాకు తెలిసింది.

ఆ రోజు నుంచి ఎవరింట్లో ఫిల్టరు చప్పుడు చేసినా నన్నే పిలుస్తున్నారు. చూసినంతలో చెబుతాను. గడగడమని, మధ్యమధ్య తుంపర్లు ఉమ్మినట్టు వస్తే అది గాలి. డబ్బా కడిగి బిగించాక ఒకటి రెండు రోజులు గాలి పట్టి ఉండడం మామూలే. మనం పంపులకి ప్రైమింగు చేసినట్టే ముందు డబ్బా నిండా నీళ్ళు నింపి మొదలుపెట్టి, నడుస్తుండగా అటూ ఇటూ కొద్దిగా వంచితే బుడగలు పోతాయి. మూడో రోజు కూడా పోకపోతే ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట. మూత కింది రబ్బరు రింగు ఎండిపోయిందేమో చూడండి. దానికి సిలికాన్ గ్రీజు రాయాలి గాని వాజలీను కాదు, కొన్ని రబ్బర్లు దానికి ఉబ్బిపోతాయి. గాలిరాయి బుడగలు పీల్చే గొట్టం పక్కనే వస్తున్నాయేమో చూడండి. ఎండాకాలం నీటి మట్టం తగ్గి గొట్టం మూతి బయటపడుతుంది. అదీ కాకపోతే పీల్చే జల్లెడకు నాచు అడ్డుపడి ఉంటుంది. నీళ్ళు అందని పంపు ఎలా మొత్తుకుంటుందో మీకు నేను చెప్పాలా?

మోత అయితే ముందు డబ్బాను రెండు చేతులతో అంగుళం పైకి ఎత్తి చూడండి. ఆగిందంటే తప్పు డబ్బాది కాదు, అది కూర్చున్న చెక్కది. స్విచ్ వేయగానే ఒక్క క్షణం టకటకమంటే కంగారు పడకండి. ఈ రకం రోటరు ఎటు తిరగాలో తేల్చుకోవడానికి కాస్త తడబడుతుంది. ఆ తర్వాత కూడా టకటక ఆగకపోతేనే మూత విప్పండి. స్పాంజీలు మాత్రం కుళాయి నీళ్ళలో కడగకండి, క్లోరిన్‌కి ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. తొట్టిలోంచే బకెట్టు నీళ్ళు తీసి అందులో పిండితే చాలు.

మన సభ్యుల్లోనే ఒకరికి వాళ్ళబ్బాయి అమెరికా నుంచి ఫిల్టరు తెచ్చాడు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టి నడుపుతున్నారు. మోత, పైగా వేడి. నేమ్‌ప్లేటు మీద 120 వోల్టులు, 60 సైకిళ్ళు అని ఉంది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీ మారుస్తుంది గాని సైకిళ్ళు మార్చదు కదా! 50 సైకిళ్ళ మీద ఆ పంపు ఆరింట ఐదొంతుల వేగంతోనే తిరుగుతుంది, కోరు సంతృప్తమై మూలుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. విద్యుత్ శాఖలో ఆఫీసరుగా రిటైరైన మనిషికి ఇది నేను చెప్పవలసి వచ్చింది. ఆయన ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు. ఇంకొక్క మాట. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకండి. తీగను ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదలండి, కారిన చుక్క నేల మీద పడుతుంది. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు ఉండాలి. మన ఇళ్ళల్లోనే లేకపోతే ఇక ఎవరింట్లో ఉంటుంది?

షాఫ్టు వేశాం, సరే. నాకు ఎందుకు వినపడలేదన్నది మిగిలింది. ఫిట్టరు వెళుతూ, గేటు దగ్గర, "సార్, ఒకసారి చెవులు చూపించుకోండి" అన్నాడు మెల్లగా. వెళ్ళాను. గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడిగి, వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏ చప్పుడూ లేకుండా గడిచింది. అది పరీక్ష మొదలుకాకపోవడం అనుకున్నాను. కాదట. గీత గీసి ఇచ్చారు. తక్కువ సైకిళ్ళ దగ్గర బాగానే ఉండి, 4000 సైకిళ్ళ దగ్గర గుంటలో పడినట్టు దిగిపోయింది. చాలా ఏళ్ళు పెద్ద మోతలో పనిచేసినవాళ్ళకి సాధారణంగా ఆ గుంట అక్కడే వస్తుందని డాక్టరు గారు చెప్పారు. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి అన్నారు. అందుకే 100 సైకిళ్ళ మోత నాకు శుభ్రంగా వినిపించింది, పింగాణీ టకటక వినిపించలేదు. మా రోజుల్లో 8 గంటల షిఫ్టుకి 90 డెసిబెల్స్ మించకూడదని నిబంధన ఉండేది. టర్బైన్ ఫ్లోరు మీద ఇయర్ మఫ్‌లు ఇచ్చారు. నావి డ్రాయరులో ఉండేవి. అవి పెట్టుకుంటే బేరింగు గొంతు వినపడదని నా వాదన.

మన సభ్యుల్లో జనరేషన్ వైపు పనిచేసినవాళ్ళు చేతులెత్తండి. ఇంతమందా! మీ ఇళ్ళల్లో టీవీ సౌండు తగ్గించమని ఎవరైనా అంటున్నారా? ఫోనులో మనవలు నసుగుతున్నారనిపిస్తోందా? ఆ పరీక్షకి అరగంట కంటే ఎక్కువ పట్టదు. కార్యవర్గం వారు వచ్చే వైద్య శిబిరంలో బీపీ, షుగరులతో పాటు దీన్ని కూడా చేర్చాలని నా మనవి.

మనవడికి చెప్పడం మిగిలింది. వీడియో ఫోన్లో ముందు మూడు చేపల్నే చూపించి, మిగతావి రాళ్ళ వెనక ఉన్నాయందామనుకున్నాను. మా ఆవిడ పక్కనే నిలబడి ఉంది. చెప్పేశాను. రాత్రిళ్ళు ఆపాననీ, తప్పు నాదేననీ చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి అమ్మమ్మ చెప్పింది కదా తాతయ్యా, సౌండ్ వస్తోందని. నాక్కూడా ఫోన్లో వినపడింది" అన్నాడు.

దసరా సెలవులకి వచ్చాడు. తొట్టి ముందు బోర్లా పడుకుని మూడింటినీ లెక్కపెట్టి, కింది అర తలుపు తీసి డబ్బా మీద చెవి పెట్టాడు. నేను కొత్త వినికిడి యంత్రం సరిచేసుకుని రెండోవైపు చెవి పెట్టాను. "ఏమైనా ఉందిరా?" అన్నాను. వేలు పెదవుల మీద పెట్టి నన్ను ఊరుకోమన్నాడు.

సెలవు. టీ తర్వాత ఎవరింటికైనా రమ్మంటే స్క్రూడ్రైవర్ సంచిలోనే ఉంది.