నేరాంగీకారము – దాని మరలింపు
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



విద్యార్థివేతనములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఆ విషయమును ఉదయము మాకంటె సమర్థులు చెప్పియున్నారు. బడిలో సంస్కృతవ్యాకరణము చెప్పి విశ్రమించిన మేము న్యాయవాదులము కాము. అయినను మా శిష్యుడొకనికి కలిగిన ఆపద మమ్ము న్యాయస్థానపు మెట్లెక్కించినది. అచ్చట నేర్చినది మీకు నివేదించెదము.

2021 సంక్రాంతినాడు ఆ బాలుడు మేనమామను భోజనమునకు పిలుచుటకై ఊరివెలుపలి మామిడితోటకు పోయెను. అచ్చట పేకాట సాగుచుండెను. పోలీసులు వచ్చి తొమ్మండుగురిని పట్టుకొనిరి, వీడు పదియవవాడు. కోర్టునకు పోవునాడు ‘అవునని తలయూపుము, జుర్మానా కట్టుము, సాయంకాలమునకు ఇల్లు చేరుదువు’ అని హితము చెప్పినవారిలో మన పెద్దలును గలరు. దాచనేల? మేమును ‘అదియే మేలు’ అంటిమి.

2023లో వానికి ప్రభుత్వోద్యోగము వచ్చెను. అటెస్టేషను ఫారములో ‘నీకెన్నడైన శిక్ష పడినదా?’ అను ప్రశ్న గలదు. దాచుమని కొందఱు బోధించిరి. అది మఱింత కీడు. అట్టి విషయములను ఉద్యోగార్థి ఉన్నదున్నట్లు తెలుపవలెననియు, దాచుటయే ఉద్యోగమునకు ముప్పు కావచ్చుననియు, స్వల్పాపరాధములయందు మాత్రము నియమించు అధికారి ఉపేక్షింపవచ్చుననియు 2016లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. బాలుడు నిజమే వ్రాసెను. నియామకము ఆగెను.

అప్పుడు వానిని కూర్చుండబెట్టి, ‘మేజిస్ట్రేటుగారు అడుగగా నీవేమంటివి?’ అని యడిగితిమి. ‘మాస్టరుగారూ, అక్కడ ఉన్నమాట నిజమేనండీ అన్నాను’ అని వాడు చెప్పెను. ఈ యొక్క మాటయందే వ్యాజ్యమంతయు గలదని మాకు స్ఫురించినది.

ఏలయన, మన ధర్మశాస్త్రకారులు ప్రతివాది యుత్తరమును నాలుగు విధములుగ విభజించిరి. అభియోగమును కాదనుట మిథ్య. అవుననుట సంప్రతిపత్తి. జరిగినదానిని ఒప్పుకొని, దోషము లేకుండుటకు హేతువు చూపుట కారణోత్తరము. దీనికే ప్రత్యవస్కందనమని పేరు. పూర్వమే తీర్పైనదనుట ప్రాఙ్న్యాయము. వ్యవహారమునకు నాలుగు పాదములనియు, సంప్రతిపత్తియందు సాక్ష్యముతో పనిలేదు గావున అది రెండుపాదములతోనే ముగియుననియు మితాక్షర చెప్పుచున్నది. మా బాలుడు చెప్పినది కారణోత్తరము. కాగితమున కెక్కినది సంప్రతిపత్తి! ‘ఉంటిని’ అన్నవానిని ‘ఆడితిని’ అన్నవానిగ వ్రాసిరి. బలముచేతను, భయముచేతను జరిగిన వ్యవహారములను మరలింపవలెనని కూడ ఆ స్మృతులే చెప్పినవి.

ఇక నేటి శాసనము. 1973నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడునకు బదులుగా 2024 జులై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలున నున్నది. నేరాంగీకారమును ఉపసంహరించుకొనుటకని ప్రత్యేకమైన సెక్షను అందును లేదు, ఇందును లేదు. కాని ఒప్పుకొన్నంతమాత్రమున శిక్షింపవలెనని న్యాయాధికారికి నిర్బంధము లేదు. అది ఆయన విచక్షణకు విడువబడినది. కావున తీర్పునకు ముందే ‘నాకు బోధపడలేదు’ అని గాని, ‘భయపడి అంటిని’ అని గాని అదే న్యాయస్థానమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. తీర్పుపై సంతకమైన పిమ్మట వ్రాతతప్పులు తప్ప మఱేమియు దిద్దుటకు ఆ న్యాయస్థానమునకు అధికారము లేదు. ఒప్పుకొన్నవానికి అప్పీలు కూడ శిక్షయొక్క పరిమాణమును, చట్టబద్ధతను గూర్చి మాత్రమే యుండును. స్వల్పజుర్మానా కేసులలో అదియు లేదు. మిగిలిన ద్వారము సెషన్సుకోర్టునందో హైకోర్టునందో రివిజను. గడువు 90 దినములు. దాటినచో ఆలస్యమునకు కారణము చూపవలెను.

చిన్నకేసులలో ముద్దాయి పలికిన మాటలను సాధ్యమైనంతవఱకు అట్లే వ్రాయవలెనని సంహిత యొక్క ఆజ్ఞ. ఇది కేవలలాంఛనము కాదని, మదరాసు రాష్ట్రమునుండి వచ్చి 1966నాటి న్యాయనివేదికలలో ప్రకటితమైన వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినది. ఒప్పుకొనిన స్వల్పశిక్షతో పోవునని ఆశపెట్టి పలికించిన ఒప్పుకోలు చెల్లదని గుజరాతునుండి వచ్చిన ఆహారకల్తీ వ్యాజ్యమున 1980లోను, కర్ణాటకనుండి వచ్చిన మఱొకదానిలోను నిర్ణయించి, వాటిని మరల విచారణకు పంపినది. 2006 నుండి అమలునకు వచ్చిన శిక్షాసంప్రదింపుల పద్ధతి వేఱు. అది ముద్దాయియే అర్జీపెట్టి న్యాయస్థానము ముందు నడుపుకొనునది, వసారాలో చెవిలో చెప్పునది కాదు.

పోలీసులయెదుట చెప్పిన ఒప్పుకోలును ముద్దాయిపై రుజువుగ వాడరాదని చాలమంది వినియున్నారు. అది నిజమే. ఆ ధైర్యముతో కోర్టులోను అవుననువారు కలరు. అచ్చట పలికినది వేఱు. అది నేరుగా శిక్షకు దారి.

మా బాలుని రికార్డు తెప్పించి చూడగా పదుగురికిని ఒకే పంక్తి, ఒకే అక్షరములు: ‘నేరము ఒప్పుకొన్నాడు.’ పదుగురు ఒక్క మాటయే పలుకుదురా? తరగతిలో పదిమంది ఒకే తప్పు వ్రాసిన మేము ఊరకుండెడివారము కాము. ఆలస్యమును మన్నించి, శిక్షను కొట్టివేసి, సెషన్సుకోర్టు కేసును మరల విచారింపుమని పంపినది.

ఇది విజయమని భ్రమపడవలదు. మరలించుకొన్నవాడు విముక్తుడు కాడు. మొదటి మెట్టున నిలుచును. సాక్షులు వత్తురు, వాయిదాలు పడును, శిక్ష పడినచో పూర్వముకంటె ఎక్కువయు కావచ్చును. నిజముగ ఆడినవానికి ఈ మార్గము మేము చెప్పము. ఊరక మనసు మారినదన్న న్యాయస్థానము వినదు. తెలియకపోవుటకో, నిర్బంధమునకో ఆధారము చూపవలెను. వకీలును పెట్టుకొనలేని పేదలకును, ఆదాయముతో నిమిత్తము లేక స్త్రీలకును, బాలురకును, నిర్బంధమున నున్నవారికిని 1987నాటి చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము గలదు. టెలిఫోను సంఖ్య 15100. దీనిని మన వసతిగృహపు గోడపై వ్రాయింపుమని కార్యదర్శిగారిని కోరుచున్నాము.

నియామకము ఇంకను ఆగియేయున్నది. మేనల్లుడు తనను పిలువవచ్చినవాడే గాని ఆడవచ్చినవాడు కాడని సాక్ష్యము చెప్పుటకు మేనమామ ఒప్పుకొన్నాడు. ఆయన ఆనాడు ఆడినవాడే. బోనులో ఆ మాట మరల పలుకవలసియుండును. వచ్చు వాయిదాకు మేమును వారితో పోవుచున్నాము.