ఎక్స్‌గ్రేషియా వేరు, పరిహారం వేరు



కంటకాపల్లి పేరు మీరు వినే ఉంటారు. విజయనగరం జిల్లాలో చిన్న రైలు స్టేషను. 2023 అక్టోబరు 29, ఆదివారం. రాత్రి ఏడు గంటల వేళ. విశాఖపట్నం నుంచి పలాస వెళ్ళే పాసింజరు ముందు ఉంది. అదే దారిలో రాయగడ వెళ్ళే పాసింజరు వెనకనుంచి వచ్చి గుద్దేసింది. పది మందికి పైగా చనిపోయారు. యాభై మంది దాకా గాయపడ్డారు. ఆ బళ్ళు ఎక్కేది ఎవరు? తక్కువ టిక్కెట్టుతో ఇల్లు చేరాలనుకునే వాళ్ళే.

వెంటనే ప్రకటనలు వచ్చాయి. చనిపోయినవారి కుటుంబానికి రైల్వే 10 లక్షలు. ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి 2 లక్షలు. ఈ రాష్ట్రం వాళ్ళైతే రాష్ట్ర ప్రభుత్వం మరో 10 లక్షలు. చిన్న గాయాలకు రైల్వే 50 వేలు.

ఈ డబ్బుని ఎక్స్‌గ్రేషియా అంటారు. కష్టంలో ఉన్నవారికి ప్రభుత్వం తనంతట తాను ఇచ్చే సాయం ఇది. ఈ చెక్కు వచ్చాక ఇంక ఏమీ రాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చట్టం ప్రకారం రావలసిన పరిహారం వేరే ఉంది. ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు. అడిగి తీసుకోవాలి.

రైలు ప్రమాదమైతే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టాలి. ఇది కోర్టు లాంటిదే. చనిపోతే 8 లక్షలు. ఈ లెక్క 2017 జనవరి నుంచి ఉంది. రెండు చేతులు పోయినా అంతే. మిగతా గాయాలకు పట్టిక ప్రకారం తక్కువ. తప్పు ఎవరిదో మీరు రుజువు చెయ్యక్కర్లేదు. రైల్వే ఇచ్చిన ఎక్స్‌గ్రేషియాని ఇందులోంచి కొయ్యరు. రద్దీలో బండిలోంచి జారిపడినా అడగవచ్చు. ఏడాది లోపల పెట్టాలి. మరి టిక్కెట్టు పోతే? టిక్కెట్టు దొరకలేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. టిక్కెట్టు కొన్నామని ప్రమాణ పత్రం ఇవ్వాలి.

రైలు ప్రమాదం ఎప్పుడో జరుగుతుంది. ఆటోలు మాత్రం రోజూ బోల్తా పడుతూనే ఉంటాయి. ఒకామె ఉభాలకి ఆటోలో వెళ్ళింది అనుకోండి. లారీ గుద్దింది. కాలు విరిగింది. మూడోనాడు లారీ వాళ్ళ తరఫున ఒక పెద్దమనిషి ఆస్పత్రికి వస్తాడు. "ఏటమ్మా, కోర్టులూ గోలా నీకెందుకు? ఈ ఇరవై వేలు ఉంచుకో. ఇక్కడ ఏలిముద్ర ఎయ్యి" అంటాడు. ఇంట్లో వాళ్ళకీ డబ్బు అవసరమే. వెయ్యమనే అంటారు.

ఆ కాగితంలో ఏముంది? "రాజీ" అన్న మాట ఉందేమో చూడాలి. "ఇకమీదట ఏమీ అడగను" అని ఉందేమో చూడాలి. చదువు వచ్చాక వేలిముద్ర ఎందుకు? చదివి, ఇష్టమైతేనే సంతకం. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

ఆమెకు నిజంగా ఏమేమి రావాలి? మందుల ఖర్చు ఒక్కటే అనుకుంటారు. ఆస్పత్రికి తిరిగిన ఛార్జీలు ఉన్నాయి. మంచం మీద ఉన్నన్నాళ్ళూ పోయిన కూలి ఉంది. దగ్గరుండి చూసుకున్న మనిషి కూలి కూడా. కాలు వంకరగా అతుక్కుంటే ఇక ముందు వంగి నాట్లు వెయ్యలేదు. ఆ నష్టానికి వయసును బట్టి లెక్క కడతారు. అన్నింటికంటే పెద్ద మొత్తం సాధారణంగా అదే. రేపు చేయించుకోవలసిన ఆపరేషను ఖర్చు ఉంది. పడిన బాధకీ డబ్బు కడతారు. బాధకి వెల ఏమిటని నవ్వకండి. కోర్టులు కడుతున్నాయి.

"నేను కూలికి వెళ్ళను, ఇంట్లోనే ఉంటాను, నాకేం వస్తుంది?" అంటుంది ఇంకొకామె. జంషెడ్‌పూర్‌లో 1989లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పింది. ఇంటి పనికి నెలకు 3,000 రూపాయల విలువ కట్టింది. 2021లో మరో కేసులోనూ ఇల్లాలి పనికి ఆదాయం లెక్క కట్టవలసిందే అంది. వంట, నీళ్ళు, పిల్లలు, పశువులు, ఇదంతా పనే. కోర్టు ఒప్పుకుంది. ఇంట్లో మగవాళ్ళు ఎప్పుడు ఒప్పుకుంటారో!

రోడ్డు ప్రమాదం కేసు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వెయ్యాలి. జిల్లా కోర్టులోనే ఉంటుంది. బండికి బీమా ఉంటే డబ్బు బీమా కంపెనీ కడుతుంది. ఆరు నెలల్లో వెయ్యాలని 2022 ఏప్రిల్ నుంచి చట్టం మారింది. గుద్దిన బండి పారిపోయి దొరక్కపోతే? అప్పుడూ ఉంది. చనిపోతే 2 లక్షలు, పెద్ద గాయమైతే 50 వేలు. దీనికి ఆర్డీవో ఆఫీసులోగాని తహసీల్దారు దగ్గరగాని అడగాలి. జీడిపప్పు ఫ్యాక్టరీలో, జనపనార మిల్లులో పని చేస్తూ దెబ్బ తగిలితే యజమాని ఇవ్వాలి. ఆ హక్కు 1923 నుంచే ఉంది.

కాగితాలు పోగొట్టుకోకండి. పోలీసుల ఎఫ్.ఐ.ఆర్. నకలు, డాక్టరు ఇచ్చిన గాయాల సర్టిఫికెట్టు, ఆస్పత్రి చీటీలు, మందుల బిల్లులు అన్నీ ఒక సంచిలో వేసి ఉంచండి. పది రూపాయల బిల్లైనా పారెయ్యవద్దు.

వకీలుకి ఇవ్వడానికి డబ్బు లేదా? ఆడవాళ్ళకి ఆదాయం ఎంతైనా సరే, వకీలుని ఉచితంగా పెడతారు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఉంది. అక్కడికి వెళ్ళి అడగండి. వెళ్ళలేకపోతే ఫోను చెయ్యండి. నెంబరు 15100. ఫోనుకి డబ్బు పడదు.