నీటి దారిలో చెరువు

నీటి గుణాల గురించి, ప్రకృతిలో దాని తిరుగుడు గురించి నాలుగు మాటలు చెప్పమని ఆకాశవాణి వారు అడిగారు. సముద్రం, ఆవిరి, మేఘం, వాన, ఏరు, మళ్లీ సముద్రం. ఈ బొమ్మ మీరంతా బడిలో బాణం గుర్తులతో సహా వేసినవాళ్లే. ఆ పాఠం మళ్లీ చెప్పను. ఆ బొమ్మలో చెరువు ఉండదు. రాయలసీమవాణ్ణి గనక నా కన్ను ఆ లోటు మీదే పడుతుంది.

మా వైపు వాన వచ్చిందంటే కుంభవృష్టి, పోయిందంటే నెలల తరబడి జాడ ఉండదు. నీరేమో పల్లమెరుగు. ఆపేవాడు లేకపోతే ఒక్క పూటలో వంకలు దాటి, పొలాల మట్టిని కూడా ఊడ్చుకుని పెన్నలో పడుతుంది. అందుకే పెద్దలు దానికి అడ్డంగా కట్టలు పోశారు. పై చెరువు నిండి మరవ పారితే కింది ఊరి చెరువుకు నీళ్లు. నిలిచిన నీరు నేలలోకి ఇంకి బావుల్లో ఊరుతుంది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. ఆ చెరువు కట్టించినవాడు విజయనగర బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. అంతకన్నా నాకు ముచ్చటైన సంగతి, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ రాతిమీదే చెక్కించడం. జలశాస్త్రం తెలిసిన పండితుడు కావాలి, గట్టి నేల కావాలి, చెరువు గర్భం విశాలంగానూ లోతుగానూ ఉండాలి. చౌడు నేల దోషం, నడుమ మెరక దోషం, కొద్ది నీటికి పెద్ద ఆయకట్టు పెట్టుకోవడమూ దోషమే.

లోతు ఎందుకన్నారు? నీరు ఆవిరయ్యేది పైభాగం నుంచే. అవే నీళ్లు పలచగా పరుచుకుంటే ఎండ ఎక్కువ తాగేస్తుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కేలరీ చాలు. అదే గ్రాము ఆవిరి కావాలంటే 540 కేలరీలకు పైనే కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి, నేల నుంచి, నీటి నుంచే లాక్కుంటుంది. వేసవి సాయంత్రం చెరువుకట్ట మీద ఒంటికి తగిలే చల్లదనం దాని పుణ్యమే.

శాసనం చెప్పిన దోషాల్లో కట్టలోంచి నీరు కారడం కూడా ఒకటి. దాన్ని కనిపెట్టే మనిషిని నేను చిన్నప్పుడు మా ఊళ్లో చూశాను. నీరుగంటి. తెలంగాణలో నీరటికాడంటారు. ముసురు పట్టిన రాత్రుల్లో గోనెపట్టా కప్పుకుని, చేతిలో లాంతరుతో కట్ట వెనకవైపు దిగువన నడిచేవాడు. చెమ్మ తగిలిన చోట కాలి బొటనవేలితో నొక్కి చూసేవాడు. ఊరుతున్న నీటిని దోసిట్లో పట్టి లాంతరు వెలుగులో పరీక్షించేవాడు. తేటగా ఉంటే ఫరవాలేదు. బురదగా వచ్చిందంటే కట్ట లోపల మట్టి కోసుకుపోతోందన్నమాట. అప్పుడు ఊరంతా తట్టా పారా పట్టుకుని పరుగెత్తాల్సిందే. తూము ఎత్తడం, ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలో తేల్చడం కూడా అతని పనే. కళ్లంలో అతని పాలు గింజలు కొలిచి ఇచ్చేవారు.

ఆ ఉద్యోగం మాసిపోయింది. బోరు వేసుకున్నవాడికి చెరువుతో పనేమిటి? వంకల మీద ప్లాట్లు లేచాయి. పూడిక తీయడానికి టెండర్లు పిలుస్తున్నారు, మంచిదే. కట్ట మీద తిరిగే మనిషిని మాత్రం ఎవరూ పిలవడం లేదు.

మేఘాల గురించీ, మంచు గురించీ చెప్పాలనుకున్నాను, వేళ మించిపోయింది. ఒక్క మనవి. తొలకరికి ముందే మీ ఊరి చెరువులోకి నీరొచ్చే వంక వెంబడి ఒకసారి నడిచి చూడండి. ఎక్కడ పూడిందో పంచాయతీలో అడగండి. కట్ట చూసుకోవడానికి ఊరి తరఫున జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోండి.