పుస్తకం ఎవరి చేతిలో ఉంది?
శాస్త్రాలు, పాత భాషలు, మన హక్కులు

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్లు, వరకట్నం కేసులు, భూమి పట్టాల గురించి మాట్లాడుకుంటున్న చోట నేను సంస్కృతం, హీబ్రూ, గ్రీకు, అరబ్బీ భాషల సంగతి ఎత్తితే కొందరికి ఇదేమిటని అనిపించవచ్చు. మన పనులే మనకి తెమలటం లేదు, ఈ పురాణ కాలక్షేపం ఎందుకని కూడా అనిపించవచ్చు. కానీ మీరు పని చేసే ఊళ్ళలో జరిగేది గుర్తు చేసుకోండి. ఆడపిల్లకి ఆస్తిలో వాటా అడిగితే 'శాస్త్రంలో లేదు' అంటారు. భర్త పోయిన మనిషి బొట్టు తీయనంటే 'శాస్త్రం ఒప్పుకోదు' అంటారు. కొట్టే భర్త దగ్గరికి వెళ్ళనంటే బైబిలు తెరిచి వాక్యం చూపిస్తారు. భరణం అడిగితే ఖురాన్ పేరు చెప్తారు. ఆ మాట చెప్పేవాళ్ళలో చాలామంది ఆ పుస్తకాన్ని మూల భాషలో చదివినవాళ్ళు కారు. వినేవాళ్ళకి అసలు ఆ పుస్తకం చేతికే రాలేదు. అయినా అక్కడితో చర్చ ఆగిపోతుంది.

దీనికి మనం ఇంతకాలం రెండు రకాల జవాబులు చెప్తూ వచ్చాం. 'మీ శాస్త్రాలతో మాకు పనిలేదు' అన్నది ఒకటి. 'అసలు శాస్త్రం మంచిదే, మధ్యలో వచ్చినవాళ్ళు చెడగొట్టారు' అన్నది రెండోది. మొదటి మాటతో మన పట్టుదల తెలుస్తుంది గానీ, నలుగురి మధ్య నిలబడి ఉన్న ఆ స్త్రీకి తక్షణం ఉపయోగపడదు. రెండో మాట వినటానికి బాగుంటుంది గానీ చాలాసార్లు నిజం కాదు. నేను ఇవాళ మూడో దారి గురించి చెప్తాను. పుస్తకం తెమ్మని అడగటం. ఏ పుస్తకం, ఎన్నో అధ్యాయం, అక్కడ ఉన్న మాట ఏమిటి, దాన్ని మనకి అర్థమయ్యే భాషలోకి మార్చింది ఎవరు అని అడగటం. ఇలా అడిగిన స్త్రీలు మనకి ముందు చాలామంది ఉన్నారు.

పండిత రమాబాయి

1858లో పుట్టిన రమాబాయికి సంస్కృతం నేర్పింది తల్లి లక్ష్మీబాయి. ఆ తల్లికి నేర్పింది భర్త అనంతశాస్త్రి డోంగ్రే. ఆడమనిషికి దేవభాష నేర్పావని పండితులు ఆయన్ని ఉడుపికి పిలిపించి సంజాయిషీ అడిగారు. ఆయన గ్రంథాల్లోంచే ప్రమాణాలు చూపించి, స్త్రీలకి సంస్కృతం, పురాణాలు నేర్పటం తప్పు కాదని వాదించాడు. అయితే వేదం మాత్రం ఆయన కూడా నేర్పలేదు. గేటు కొంచెం తెరిచాడు, పూర్తిగా తెరవలేదు.

ఆ కుటుంబం ఊరూరా పురాణం చెప్పుకుంటూ దక్షిణాది అంతా తిరిగింది. 1870లలో కరువు వచ్చినప్పుడు వాళ్ళు మన తిరుపతి కొండ మీదే ఉన్నారు. తినటానికి గింజ లేక, చచ్చిపోదామని పక్కనున్న అడవిలోకి వెళ్ళి, పదకొండు రోజులు ఆకులూ నీళ్ళతో గడిపామని ఆమె తర్వాత రాసుకుంది. ఆ రోజుల్లోనే తల్లీ తండ్రీ పోయారు. వేల శ్లోకాలు నోటికి వచ్చిన ఆ అమ్మాయి అన్నతో కలిసి నడుచుకుంటూ 1878లో కలకత్తా చేరింది. అక్కడి పండితులు పరీక్షించి 'పండిత' అనీ 'సరస్వతి' అనీ బిరుదులిచ్చారు.

బిరుదులిచ్చినవాళ్ళే ఆమెకి ఒక పని అప్పగించారు. పరదాలో ఉండే స్త్రీలకి ధర్మశాస్త్రాల ప్రకారం స్త్రీ ధర్మాలు బోధించమన్నారు. బోధించాలంటే ముందు చదవాలి కదా. చదివింది. ఆ గ్రంథాలు ఒకదానితో ఒకటి ఎన్నో విషయాల్లో విభేదిస్తాయనీ, స్త్రీలు జాతిగా చెడ్డవాళ్ళన్న విషయంలో మాత్రం అన్నీ ఏకమవుతాయనీ ఆమెకి అర్థమయింది. స్త్రీకీ శూద్రుడికీ వేదాధికారం లేదన్న దగ్గర కూడా అవి ఒక్కటే మాట మీద ఉన్నాయి. కేశవచంద్ర సేన్ ఆమె చేతికి వేదం ఇచ్చి చదవమన్నాడు. అప్పటిదాకా తనకి నిషేధమని నమ్మిన పుస్తకాన్ని అలా తెరిచింది. ఆ చదువే 1887లో అమెరికాలో అచ్చయిన 'ది హైకాస్ట్ హిందూ వుమన్' పుస్తకానికి పునాది.

1883లో ఆమె ఇంగ్లండులో క్రైస్తవం తీసుకుంది. అక్కడితో ఆమె ప్రశ్నలు ఆగిపోలేదు. చర్చి పెద్దలు చెప్పారు కాబట్టి నమ్ముతానని అనలేదు. నేనే చదువుకుని తేల్చుకుంటానంది. ఆమె మగవాళ్ళకి పాఠం చెప్పటానికి బిషప్పులు అభ్యంతరం చెప్తే వాళ్ళతోనూ తగవు పెట్టుకుంది. పండితుడి ముందు ఎలా నిలబడిందో బిషప్పు ముందూ అలాగే నిలబడింది. తర్వాత హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, బైబిలుని మామూలు ఆడవాళ్ళకి అర్థమయ్యే మరాఠీలోకి అనువదించింది. దానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. పని ముగించి 1922లో చనిపోయింది. 1924లో పూర్తి గ్రంథం వెలువడింది. కేడ్‌గావ్‌లో ఆమె నడిపిన ముక్తి సదనంలోని స్త్రీలే అచ్చు పని చేశారు. కరువులో దిక్కులేకుండా వచ్చి చేరినవాళ్ళు, వితంతువులు అక్షరాలు కూర్చి బైబిలు అచ్చువేశారన్నది మనం మర్చిపోకూడదు.

'మొదలైనవి' అన్న ఒక్క మాట

ఇప్పుడు మన ఆస్తి కేసులకి దగ్గరి విషయం చెప్తాను. స్త్రీధనం అంటే ఏమిటో యాజ్ఞవల్క్య స్మృతి ఒక శ్లోకంలో చెప్తుంది. తల్లీ తండ్రీ, భర్త, సోదరుడు ఇచ్చినది, పెళ్ళిలో అగ్ని ముందు వచ్చినది, భర్త మరో పెళ్ళి చేసుకుంటూ ఈమెకి ఇచ్చినది అని వరసగా చెప్పి చివర 'ఆద్యం' అంటుంది. అంటే 'మొదలైనవి'. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందట, ఇవాళ బీదర్ జిల్లాలో ఉన్న కల్యాణిలో, చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు దీనికి 'మితాక్షర' అనే వ్యాఖ్య రాశాడు. ఆ 'మొదలైనవి'లోకి వారసత్వంగా వచ్చినదీ, కొనుక్కున్నదీ, పంపకంలో వచ్చినదీ కూడా వస్తాయన్నాడు. బెంగాల్లో చెల్లిన 'దాయభాగం' రాసిన జీమూతవాహనుడు అదే శ్లోకాన్ని 'మొదలైనవి' అన్న మాట లేని పాఠంతో చదివాడు. ఒక్క మాట ఉంటే ఒక అర్థం, లేకపోతే మరో అర్థం.

మన ప్రాంతంలో చెల్లింది మితాక్షరే. 1810లో కోల్‌బ్రూక్ దాని దాయ విభాగాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. జడ్జీల చేతిలో ఆ పుస్తకం ఉంది. అయినా 19వ శతాబ్దంలో ప్రీవీ కౌన్సిలు, స్త్రీకి వారసత్వంగా వచ్చిన ఆస్తి స్త్రీధనం కాదని తీర్పులిచ్చింది. ఆమె బతికినన్నాళ్ళు అనుభవించవచ్చు గానీ ఇష్టమొచ్చినట్టు అమ్ముకోవటానికీ, రాసివ్వటానికీ వీల్లేదంది. మన అమ్మమ్మలు 'జీవితకాలపు హక్కు' అని చెప్పుకుంటూ బతికింది దాని వల్లే. గ్రంథం ఇంకొంచెం ఇచ్చింది, కోర్టు దాన్ని కుదించింది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షనుతో గానీ ఆ ఆస్తి స్త్రీ సొంతం కాలేదు. పుట్టుకతో వచ్చే వాటా ఆడపిల్లకి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ వచ్చింది.

అలాగని విజ్ఞానేశ్వరుడు మనవాడని నేను చెప్పటం లేదు. ఆయన వర్ణ ధర్మాన్ని నిలబెట్టినవాడే. నేను చెప్పేదల్లా, 'శాస్త్రంలో ఆడదానికి ఏమీ లేదు' అని ఎవరైనా అన్నప్పుడు, ఏ శాస్త్రం, ఏ పాఠం, ఎవరి తీర్పు అని అడగటం మనకి తెలిసి ఉండాలని.

అక్షరం సరిగ్గా ఉంటే?

సతి గురించి కూడా ఇలాంటి కథే ఉంది. ఋగ్వేదం పదో మండలంలో అంత్యక్రియల సూక్తం ఒకటుంది. అందులో భర్తలు బతికే ఉన్న స్త్రీలు ముందుగా నడవాలని చెప్పే చోట 'అగ్రే' అన్న మాట ఉంది. 'ముందుగా' అని అర్థం. సతిని సమర్థించటానికి వాడిన పాఠంలో అది 'అగ్నేః' అయింది, నిప్పు వచ్చి చేరింది. ఆ వెంటనే వచ్చే మంత్రం భర్త పోయిన స్త్రీని లేచి బతికున్నవాళ్ళ లోకంలోకి రమ్మంటుంది. విల్సన్, మాక్స్‌ముల్లర్ లాంటి పండితులు 1850లలో దీని గురించి రాశారు. రమాబాయి తన పుస్తకంలో దీన్ని చర్చించింది.

ఇది వినగానే మనకి సంతోషం కలుగుతుంది. కానీ ఒక్క క్షణం ఆగుదాం. ఆ మంత్రంలో నిజంగానే 'అగ్నేః' అని ఉండి ఉంటే? అప్పుడు కాల్చటం న్యాయమయ్యేదా? కాదు కదా. సతీ నిషేధం 1829లోనే వచ్చింది. ఈ అక్షరం గురించిన పండితుల వాదన ఆ తర్వాత పాతికేళ్ళకి జరిగింది. నిషేధానికి ముందు జరిగిన చర్చ కూడా చాలావరకు శాస్త్రం ఒప్పుకుంటుందా లేదా అన్న దాని చుట్టూ తిరిగిందనీ, మంటల్లో పడే స్త్రీ బాధ ఆ చర్చలో పక్కకి పోయిందనీ లతా మణి చేసిన విమర్శ మీలో కొందరు చదివే ఉంటారు. 1987లో దేవరాలలో రూప్ కన్వర్ చితి మీద కాలిపోయినప్పుడు కూడా వాదన మళ్ళీ శాస్త్రం దగ్గరికే వెళ్ళింది. కాబట్టి చదవటం ఎంత అవసరమో, మన ప్రాణం, మన శరీరం, మన హక్కు ఆ చదువు ఫలితం మీద ఆధారపడి లేవని చెప్పటం కూడా అంతే అవసరం.

నిఘంటువు, వ్యాకరణం తోడుగా

'మనకి అంత చదువెక్కడిది' అని మీరు అడగవచ్చు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో జూలియా స్మిత్ అనే స్త్రీ ఉండేది. లాటిన్, గ్రీకు అంతకుముందే వచ్చు. యాభయ్యేళ్ళు దాటాక, వ్యాకరణం పుస్తకం, నిఘంటువు ముందు పెట్టుకుని హీబ్రూ తనే నేర్చుకుంది. 1847 నుంచి 1855 దాకా బైబిలుని గ్రీకు నుంచి రెండుసార్లు, హీబ్రూ నుంచి రెండుసార్లు, లాటిన్ నుంచి ఒకసారి అనువదించి బీరువాలో పెట్టుకుంది. 1873లో ఆమే, చెల్లెలు ఆబీ ఓటు లేనిదే పన్ను కట్టమన్నారు. ఊరి అధికారులు వాళ్ళ ఆవుల్ని జప్తు చేసి వేలం వేశారు. ఆడవాళ్ళకి ఏం తెలుసన్న వాళ్ళకి చూపించాలని 1876లో, ఎనభై నాలుగో ఏట, సొంత డబ్బుతో ఆ అనువాదాన్ని అచ్చువేయించింది.

ఆ అనువాదంలో హవ్వ పేరు 'జీవం' అని ఉంటుంది. హీబ్రూలో ఆ పేరుకి అర్థం అదే. పాపం తెచ్చిన ఆడదిగా మనం విన్న మనిషి పేరు జీవం! అదే అనువాదంలో లోపమూ ఉంది. హీబ్రూ క్రియల కాలాలని మక్కీకి మక్కీగా మార్చటంతో, జరిగిపోయిన సంగతులు జరగబోయేవాటిలా వినిపిస్తాయి. గురువు లేకుండా పుస్తకాలతోనే చదివితే వచ్చే లాభమూ నష్టమూ రెండూ ఇందులో కనిపిస్తాయి. ఎవరి అభిప్రాయమూ మధ్యలోకి రాదు, కానీ సరిదిద్దేవాళ్ళూ ఉండరు. అందుకే నలుగురం కలిసి చదవాలంటాను.

కొత్త నిబంధనలో రోమీయులకు రాసిన పత్రిక చివర అపొస్తలుల మధ్య పేరున్న యూనీయ కనిపిస్తుంది. అది ఆడ పేరు. 20వ శతాబ్దపు గ్రీకు ముద్రణల్లోనూ, 1946 నాటి ఒక ఇంగ్లీషు అనువాదంలోనూ ఆమె మగవాడైపోయింది. 1989 అనువాదంలో మళ్ళీ స్త్రీ అయింది. స్త్రీ అలాంటి స్థానంలో ఉండదన్న నమ్మకం పేరునే మార్చేసింది.

మొరాకోలో ఫాతిమా మెర్నిస్సీ 1987లో అచ్చయిన పుస్తకంలో ఇదే పని చేసింది. స్త్రీ చేతిలో అధికారం పెట్టిన జాతి బాగుపడదన్న హదీసు చెప్పింది ఎవరు, ఎప్పుడు చెప్పాడు అని పాత అరబ్బీ గ్రంథాలు వెతికింది. ప్రవక్త మరణించిన పాతికేళ్ళకి, యుద్ధంలో ఆయేషా ఓడిపోయిన తర్వాత ఆ మనిషికి అది గుర్తొచ్చిందని చూపించింది. అమీనా వదూద్ 1992లో ఖురాన్ గురించి రాసిన పుస్తకం కూడా ఇలాంటిదే. ఇక్కడ ఒక జాగ్రత్త. మన ఇంటి గ్రంథాన్ని వదిలేసి పక్కవాళ్ళ గ్రంథంలో తప్పులు వెతకటం స్త్రీల పని కాదు, మత రాజకీయాల పని. ఎవరి గ్రంథం దగ్గర వాళ్ళు మొదలుపెట్టాలి.

మనం చేయగలిగింది

అంబేద్కర్‌కి బళ్ళో సంస్కృతం చెప్పలేదు, అస్పృశ్యుడని పార్శీ భాష తీసుకోమన్నారు. 1946లో శూద్రుల పుట్టుక గురించి పుస్తకం రాస్తూ, తనకి సంస్కృత పాండిత్యం లేదని దాచుకోలేదు. అనువాదాలున్నాయి, వాటిని చదివి ఆలోచించే హక్కు తనకుందన్నాడు. మనకీ అదే వర్తిస్తుంది. చదువే దక్కని దళిత స్త్రీల ముందు పాండిత్యం అర్హతగా పెడితే పాత గేటుకి మనమే కొత్త తాళం వేసినట్టవుతుంది.

మీ సంఘాల్లో చదువు బృందం మొదలుపెట్టండి. ఐదారుగురు చాలు. ఒక భాగం తీసుకుని రెండు మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ గీత గీయండి. సంస్కృత గ్రంథాలైతే వావిళ్ళ వారి లాంటి ప్రచురణకర్తలు తెలుగు లిపిలో టీకా తాత్పర్యాలతో వేసినవి పాత గ్రంథాలయాల్లో దొరుకుతాయి. వాటిలో ప్రతిపదార్థాన్నీ తాత్పర్యాన్నీ పోల్చి చూడండి. ప్రతిపదార్థంలో లేనిది తాత్పర్యంలోకి ఎక్కడ వచ్చి చేరిందో తెలుస్తుంది. చెప్పిన వాక్యం ఒక్కటే కాకుండా ముందూ వెనకా పది వాక్యాలు చదవండి. మంచి మాట దొరికితే వాడుకోండి. చెడ్డ మాట దొరికితే దానికి రంగు వెయ్యకండి, చెడ్డదనే చెప్పండి.

ఇందులో మనలో మనకే తేడాలు రావచ్చు. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ 1895లో 'వుమన్స్ బైబిల్' మొదటి భాగం వేస్తే, మరుసటి ఏడే ఓటు హక్కు సంఘం అది మా పుస్తకం కాదని 53 ఓట్లకి 41తో తీర్మానం చేసింది. ఉద్యమానికి నష్టమని వాళ్ళ భయం. ఆ భయం మనకీ తెలుసు. అయినా ఆ వాదన జరగటమే మంచిదని నా నమ్మకం.

రేపు మీ ఊళ్ళో పంచాయితీలో ఎవరైనా శాస్త్రం పేరు ఎత్తితే, భయపడకుండా 'ఆ పుస్తకం తెప్పించండి, కలిసి చదువుదాం' అనండి. చదివాక అందులో ఏముందని తేలినా, పొలంలో ఆమె వాటా ఆమెకి రాసివ్వాల్సిందే. అది రాజ్యాంగం ప్రకారం, చట్టం ప్రకారం ఆమెకి వచ్చిన హక్కు. పుస్తకం చదవటం కూడా ఆమె హక్కే. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ వదులుకోవాల్సిన అవసరం మనకి లేదు.